కొబ్బరి మట్టకి ముల్లు

చెరువు గట్టు మీద కొబ్బరి చెట్టుకి వేలాడే గూళ్ళలోంచి గుడ్లు జారి నీళ్ళలో పడుతున్నాయి. తల్లి పిట్టల ఏడుపులు వినలేక ముసలి గిజిగాడు వచ్చి ప్రతి గూట్లోనూ తల దూర్చి చూశాడు. అన్నిటికీ అడుగున అదే చోట, అదే సందు.

"ఒరే, మీరంతా నా గూడు చూసే అల్లారు కదూ?" అన్నాడు.

"లేదు తాతా, నాది వరిగడ్డి" అన్నాడు ఒక కుర్ర గిజిగాడు.

"నాది కొబ్బరి పీచు. పైగా గుమ్మానికి మట్టి కూడా అద్దాను" అన్నాడు ఇంకొకడు.

"పీచు మారిస్తే అల్లిక మారుతుందట్రా? నా గూడు ఉన్నది తుమ్మకొమ్మకి. అక్కడో ముల్లు అడ్డొస్తే దాని చుట్టూ సందు వదిలి తిప్పి అల్లాను. ఆ ముల్లు అడ్డుండబట్టే నా గుడ్లు జారవు. కొబ్బరి మట్టకి ముల్లెక్కడిదిరా, మీరు చుట్టూ తిప్పడానికి?"

గూళ్ళు విప్పి మళ్ళీ అల్లుకోమని చెప్పి, ముసలాడు విసుక్కుంటూ ఎగిరిపోయాడు.

మర్నాడు వచ్చి చూస్తే ఒక్క గూడూ విప్పలేదు. అన్ని సందుల్లోనూ తెచ్చి గుచ్చిన తుమ్మముళ్ళు, గుడ్ల పక్కనే నిక్కి ఉన్నాయి.

"ఇప్పుడు అచ్చం నీ గూడే తాతా" అన్నాడు మట్టి అద్దినవాడు.