మాట్లాడే హక్కు

సోషల్ అంటే బట్టీ పెట్టి మరిచిపోయేదని నమ్మే ట్రైనీ పంతుళ్లను పరీక్షించి విసిగిపోయాను. నేను పాస్ చేస్తేనే వాళ్లకు ఉద్యోగం. చివరివాడు 'మాట్లాడే హక్కు' పాఠం చెప్పాడు. ఏ ప్రశ్న వేసినా తరగతిలో అన్ని చేతులూ లేచాయి.

మురిసిపోయి, వెనక బెంచీలో చెయ్యెత్తిన పిల్లను నేనే అడిగాను. "హక్కంటే ఏంటమ్మా?"

"మమ్మల్ని అడక్కూడదు తాతగారూ! తెలిసినవాళ్లు కుడిచెయ్యి ఎత్తాలి, తెలీనివాళ్లం ఎడమచెయ్యి. సారే చెప్పారు."

"సిగ్గులేదూ నీకు?" అన్నాను పంతులుతో.

"సంఘంలో ఎలా మసలుకోవాలో నేర్పేదేగా సార్, సోషల్!" అన్నాడు తొణక్కుండా.

వచ్చినవాళ్లందరిలో సోషల్ అర్థమైంది వీడొక్కడికే. అందుకే ఫెయిల్ చేశాను.