నాలుగో పేజీ

"యూజర్ నేమ్ ఏటో సెప్పు తల్లీ!" భోగాపురం పడవల నమోదు సెంటర్ నుంచి ఫోన్లో దేముడమ్మ అరుపు ఆఫీసు గదంతా వినిపించింది.

"నాలుగో పేజీ సూడండి," అంది తాయారు.

కొత్తగా వచ్చిన ఆఫీసరు కృపారావు కూడా సాఫ్ట్‌వేర్ వాడకం పుస్తకంలో నాలుగో పేజీ తీశాడు. 'మార్చకపోతే, సాఫ్ట్‌వేర్ ఎక్కించినవారి పేరే యూజర్ నేమ్.' పాస్‌వర్డేమో అట్ట మీదే అచ్చేశారు! ఆ పుస్తకం రాసింది తాయారే.

"ఎక్కించినోడెవడో మాకేటి తెలుసు? ఏడాది కిందట వచ్చాడు, టీ తాగాడు, పోయాడు," అంది దేముడమ్మ.

పోయినవాడు ఉద్యోగం మానేసి ఓడలో పనికి చేరాడట. ఓడ రేవు చేరితేగాని ఫోను కలవదట. ఆనాటి సిబ్బందిలో విజయనగరం ఆఫీసులో మిగిలింది తాయారొక్కతే. చేపల వేట నిషేధం ఎల్లుండితో ముగుస్తుంది. కొత్త రూలు ప్రకారం, ఏడాదిగా ఎవరూ తెరవని ఆ సాఫ్ట్‌వేర్లోకి ఈలోగా ఎక్కని పడవ సముద్రంలోకి దిగడానికి లేదు.

"ఆ పేజీ వివరంగా రాయమ్మా," అన్నాడు కృపారావు.

తాయారు రాసింది. 'అన్నీ చిన్న అక్షరాలు' అని చేర్చింది. ఫోన్లు ఆగలేదు. 'ఏడుకొండలవాడి పేర్లలో ఒకటి' అని మళ్లీ చేర్చింది. ముప్పై సెంటర్ల వాళ్లూ తోచిన పేర్లు కొట్టారు. ముప్పై సెంటర్లూ గంటసేపు లాకైపోయాయి.

"ఎన్ని పేర్లున్నాయమ్మా ఆ దేవుడికి?"

"వెయ్యి, సార్."

"ఆ ఎక్కించినోడి పేరేదో నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"మరి సెప్పవేటి?"

తాయారు తల దించుకుంది. ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానని ఆఫీసు అది. ఈ ఒక్క పేరుకే వచ్చింది మౌనవ్రతం! కృపారావుకి ఒళ్లు మండింది. ఆమె కాంట్రాక్టు ఈ నెలతో ఆఖరన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

"ఓహో. పేరు గుప్పిట్లో పెట్టుకుంటే ఉద్యోగం నిలబడతాదనుకున్నావా? అయిదింటిలోగా సెప్పకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

తాయారు కళ్లలో నీళ్లు తిరిగాయి. కృపారావుకి జాలేసింది గానీ, పడవలు గుర్తొచ్చి బిగుసుకుని కూర్చున్నాడు.

అయిదుకి అయిదు నిమిషాలుండగా ఆమె లేచి వచ్చింది. నోరు మాత్రం విప్పలేదు, కాగితం మీదా రాయలేదు. పర్సులోంచి తన ఓటరు కార్డు తీసి బల్ల మీద పెట్టి, 'భర్త పేరు' అన్న చోట వేలుంచింది.