షవర్‌లో బిళ్ళ

“బిళ్ళ పెట్టనివ్వను. ఏం చేసుకుంటారో చేసుకోండి!” అంది ఇంటావిడ, స్నానాలగది గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఇంటి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కొలత బకెట్టు కింద పెట్టాడు. కొత్త ఇల్లు. గోడలూ కిటికీలూ దీపాలూ కరెంటు, నీళ్ళ పొదుపు పరీక్షలో ఇట్టే నెగ్గాయి. ఈ ఒక్క షవరే నిబంధన ఒప్పుకున్నదానికి రెట్టింపు నీళ్ళు కుమ్మరిస్తోంది. నీటి జోరు తగ్గించడానికి అందులో ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఉండాలి. ఆవిడ దాన్ని పట్టుబట్టి పీకించేసింది.

“అది లేకపోతే నేను సర్టిఫికెట్ ఇవ్వలేనమ్మా. సర్టిఫికెట్ లేనిదే మీరు ఇంట్లో దిగలేరు.”

“దిగకపోతే మానె! పెళ్ళయిన నాటినుంచీ అద్దె కొంపల్లో చెంబులు లెక్కపెట్టుకుని పోసుకున్నాను. సొంతింట్లోనూ లెక్కేనా?”

“రూలు అందరికీ ఒకటే కదమ్మా.”

“ఆ రూలు రాసిన మహానుభావుడి నెత్తిన నాలుగు వెంట్రుకలుంటే ఒట్టు! ఇంత జుట్టుకు షాంపూ రుద్దుకుని, ఆ తుంపర్ల కింద నిలబడితే తెలిసేది.”

ఆవిడ గొంతు ఖాళీ గదుల్లో ఖంగుమంది. హాల్లో భర్త ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పేపరుకు పైన ఉన్ని టోపీ ఒక్కటే కనిపిస్తోంది. ఇన్‌స్పెక్టర్ ఆశగా అటు తిరిగాడు.

“సార్, మీరైనా కాస్త చెప్పండి.”

“నన్ను మధ్యకు లాగకు నాయనా,” అన్నాడాయన పేజీ తిప్పుతూ.

“నీళ్ళకు కటకటగా ఉందమ్మా. అందుకే ఈ పొదుపు.”

“పొదుపు నాకు నేర్పకండి. కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకు పోస్తాను. బట్టలు జాడించిన నీళ్ళతో బండలు కడుగుతాను. ఇంట్లో ఆ పని చేసే మగాణ్ణి ఒక్కణ్ణి చూపించండి! రోజంతా నేనే మిగులుస్తాను. నా ఒక్క స్నానం దగ్గర మాత్రం ఎవరూ నన్ను కొలవడానికి వీల్లేదు. ఆ రాసినాయన ఒక్క ఆడదాన్ని అడిగాడా?”

హాల్లో పేపరు గరగరలాడింది.

ఇన్‌స్పెక్టర్‌కు ఓపిక నశించింది. బకెట్టు అందుకున్నాడు.

“రూలు నేనేమన్నా రాశానా? నామీద అరిస్తే ఏం లాభం? చేతనైతే ఆ రాసినాయనతోనే వాదించుకోండి!”

ఆవిడ కొంగు బిగించి దోపుకుంది. గుమ్మం మాత్రం వదల్లేదు.

“మీమీద ఎవరరిచారు బాబూ? ఇందాకట్నుంచీ నేను వాదిస్తున్నది మా ఆయనతోనే.”