నడపని ప్రోగ్రామ్

చంద్రిక వేలు మీట మీద ఆగిపోయింది. నొక్కితే చాలు, చనిపోయిన అన్న అమ్మకు ఫోన్ చేస్తాడు.

అన్న భూపాల్ పోయినప్పటి నుంచి తల్లి కిష్టవ్వకు ముద్ద దిగడం లేదు. చూస్తుండగానే చిక్కి సగమైంది. తండ్రి వెంకటనర్సయ్య తిండీ మాటా రెండూ మానేశాడు. ఇలాగే ఉంటే అమ్మ కూడా దక్కదని చంద్రికకు భయం పట్టుకుంది. అందుకే ఆబిడ్స్ ఆఫీసులో కూర్చొని ఈ ప్రోగ్రామ్ రాసింది. వాట్సాప్‌లో మిగిలిన అన్న గొంతు, అమ్మ నంబరు, అన్నం తినే వేళ అన్నీ అందులో పెట్టింది.

పెట్టింది గానీ, నడిపే ధైర్యమేదీ? కన్నతల్లిని మోసం చేయడమే కదా. రోజూ సెట్టింగులు మాత్రం చెక్ చేసుకుంటుంది. పొయ్యి మీద అన్నీ సర్ది అగ్గిపుల్ల గీయకపోవడం లాంటిదది.

"అన్నీ సరిగ్గా ఉన్నాయి. ప్రోగ్రామ్ మొదలుకాలేదు" అంది తెర. ఆమె నిట్టూర్చి ఇంటికి బయల్దేరింది.

నాంపల్లిలో వాళ్లది కిరాయి ఇల్లు. చంద్రిక వెళ్లేసరికి కిష్టవ్వ అన్నం తింటోంది. ఎదురుగా తండ్రి కూడా కంచం ముందున్నాడు.

"మీ అన్న ఫోన్ చేసిండు. తినుమన్నడు," అంది కిష్టవ్వ, గట్టిగానే.

చంద్రిక మర్నాడు ఆఫీసులో అంతా వెతికింది. ప్రోగ్రామ్ ఒక్కసారి కూడా నడిచిన జాడ లేదు. భయమేసి మొత్తం చెరిపేసింది.

ఆ సాయంత్రం తండ్రి చాయ్‌కని బయటికెళ్లాడు. కాసేపటికే అమ్మ ఫోన్ మోగింది. ఏదో తెలియని నంబరు. చంద్రిక కూడా చెవి ఆనించింది.

"అవ్వా, తిన్నవా? నువ్వు తింటెనే నేను తింట."

అన్న గొంతే! కానీ తన దగ్గరున్న వాట్సాప్ రికార్డుల్లో ఆ మాట లేనే లేదు. అంతలోనే ఫోన్ ఆగిపోయింది.

"అవ్వా, గది అన్న కాదు. అన్న లేడే," అంటూ చంద్రిక బావురుమంది.

కిష్టవ్వ లేచి రెండు కంచాలు పెట్టింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే వచ్చి బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లగ బిడ్డా, కొడుకు లెక్క గొంతు మార్చి ఫోన్ చేసేది మీ నాయినే. నాకు ఎరికేనని తెలిస్తె, మల్ల తినుడు బంద్ చేస్తడు."