చెయ్యి తీసి చెప్పమ్మా

దేవుడిచ్చిన నోటిని సరిచేయించుకుంటే ఆయన పనికి వంక పెట్టినట్టవుతుందా?

బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చునే ఆమెను చిన్నప్పటి నుంచీ పీడిస్తున్న సందేహం ఇది.

పై పళ్ళు ముందుకొచ్చి కింది పళ్ళను పూర్తిగా కప్పేసేవి. నోరు మూస్తే కింది పళ్ళు అంగిట్లో గుచ్చుకునేవి. బడిలో పడిన వెక్కిరింపులకు, ఎవరితో మాట్లాడినా కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. ప్రార్థన చేసేటప్పుడూ అంతే.

నలభై దాటాక, అంగిట్లో పుండు ఎంతకీ మానక, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు.

"ఈ వయసులో సోకులేమిటే, మళ్ళీ పెళ్ళిచూపులా?" అంది అత్తగారు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఇప్పటికైతే దవడ కోసి సరిచేసేంత తేడా లేదంది. ఈ వయసులో దవడ పెరగదు గానీ పళ్ళు కదులుతాయట. పళ్ళకు తీగలు అతికించి మెల్లగా లాగవచ్చు. లేదంటే కొన్నాళ్ళకోసారి మార్చుకునే, గాజులా ఉండే తొడుగులు వేసుకోవచ్చు, ఎవరికీ కనపడవు. కాకపోతే తిండికీ, పళ్ళు తోముకోవడానికీ తప్ప వాటిని తీయకూడదు.

ఎవరికీ కనపడవన్న ఒక్క మాటకే ఆమె తొడుగులు ఎంచుకుంది.

పెట్టుకున్నాక ప్రతి మాటా నోట్లో నానుతూ వచ్చింది. 'స' అనబోతే సన్నగా ఈల.

అసలే ఆ చిరాకులో ఉంటే, ఒక పెద్దాయన తగులుకున్నాడు.

ఊరి చివర తోటలో కాపలా పనికి వెళ్ళేవాడు. ఆ బస్సు రోజుకో ప్లాట్‌ఫారం మీద ఆగేది. పక్క కిటికీ ఖాళీగా ఉన్నా అటు పోడు. ఈమె ముందే వరుసలో నిలబడతాడు. బస్సు ఎక్కడని అడుగుతాడు. ఆమె చెప్పగానే, హాలంతా మోగే గొంతుతో,

"చెయ్యి తీసి చెప్పమ్మా" అంటాడు.

మైకులో చెప్పింది. అదే మాట. మెల్లగా మాట్లాడమని బతిమాలింది. నవ్వి మళ్ళీ అదే మాట. వరుసలో వాళ్ళంతా మెడలు చాచి ఆమె నోటివైపు చూసేవాళ్ళు. విసిగిపోయి ఒక్క క్షణం చెయ్యి తీసి చెప్పేది. ఆయన ఆమె నోటివైపే గుచ్చి చూసి, "సంతోషం తల్లీ" అని వెళ్ళిపోయేవాడు.

నా పళ్ళు చూడందే ఆయనకు బస్సు దొరకదట, అని ఇంట్లో భర్తతో మొత్తుకుంది.

"నీ అభిమాని అయ్యుంటాడులే" అని ఆయన పేపరు తిరగేశాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

ఇక లాభం లేదని, మాట తేటగా వస్తే చెయ్యి తీయమనడేమోనని, కిటికీ దగ్గర కూర్చున్నంతసేపూ తొడుగులు తీసి డబ్బాలో పడేయడం మొదలుపెట్టింది.

కొత్త తొడుగు మార్చే రోజున అది పళ్ళకు పట్టలేదు. డాక్టరమ్మ నిట్టూర్చింది.

"రోజంతా పెట్టుకోవడం లేదు కదమ్మా? ఇలాగైతే పళ్ళు కదలవు, పుండు మానదు. చివరికి నేనే మిమ్మల్ని ఆపరేషనుకు పంపాల్సి వస్తుంది."

మర్నాడు తొడుగులు పెట్టుకుని, పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. పెద్దాయన రానే వచ్చాడు.

"చెయ్యి తీసి చెప్పమ్మా."

"నా పళ్ళు చూడటానికే వస్తున్నారా మీరు? పక్కన ఇంకో కిటికీ ఉందిగా, అటు పొండి."

ఆ మాటా చెయ్యి అడ్డం పెట్టుకునే అంది. ఆయన కొంచెం వంగి, నవ్వుమొహంతో ఇంకా జవాబు కోసమే చూస్తున్నాడు. ఆ నవ్వు చూసి ఆమె కిటికీ తలుపు లాగేసింది.

తలుపు సందులోంచి కనిపించింది. ఆయన ఒక్కో ప్లాట్‌ఫారం దగ్గరా ఆగి బోర్డులు చూసుకుంటూ తిరుగుతున్నాడు. ఆలోపే బస్సు కదిలిపోయింది.

ఆయన మళ్ళీ రాలేదు.

తొడుగులు నోట్లో నిలిచాయి. మాట తేటపడింది. నెలలు గడిచేకొద్దీ పళ్ళు వెనక్కి జరిగాయి, పుండు మానింది. చెయ్యి మాత్రం నోటి దగ్గరే ఉండిపోయింది. జవాబులు చెప్పడమే తన పని. ఆయనకు ఒక జవాబు బాకీ పడ్డానన్న బాధ ముల్లులా గుచ్చుతూనే ఉంది. కనిపించిన కండక్టరునల్లా ఆయన గురించి అడిగేది. నోటిని సరిచేయించుకోవడం తప్పో కాదో గానీ, దేవుడిచ్చిన నోటిని ఇలా దాచుకోవడం మాత్రం వంక పెట్టడం కాదా అనిపించేది.

ఒక మధ్యాహ్నం ఒక కండక్టరు కిటికీ దగ్గర ఆగాడు.

"అక్కా, మీరు అడుగుతుండే పెద్దాయన నా బస్సులో ఉన్నారు. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు."

"మరి ఇటు రాలేదేం?"

"పక్కింటాయన తెచ్చి ఎక్కించాడు. మీరు కిటికీ మూసేశాక ఒంటరిగా రావడం మానేశారట, తోట పనీ పోయింది. ఆ పక్క కిటికీ సారు మాట మీసాలు దాటి బయటికి రాదు కదా. 'ఆ అమ్మాయి పెదాలే నాకు బాగా అర్థమవుతాయి, చెయ్యొక్కటే అడ్డం' అనేవారట. మిల్లులో మగ్గాల మోతకు ఆయన చెవులు పోయి ముప్పై ఏళ్ళయిందటక్కా."

ఆమె కుర్చీ వెనక్కి తోసి పరుగెత్తింది.

ఇంజను మోగుతోంది. అద్దం మూసి ఉంది. ఆయన కూర్చున్న చోటు కింద నిలబడి అద్దం మీద తట్టింది. ఆయన తలతిప్పి చూశాడు.

ఆమె చేతులు రెండూ కిందికి వదిలేసి, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

"ఆ రోజు మీ బస్సు నాలుగో ప్లాట్‌ఫారం మీద ఆగింది, పెద్దాయనా."

బస్సు కదిలింది. అద్దం వెనక ఆయన ఏదో అన్నాడు. ఇంజను మోతలో ఒక్క ముక్కా వినపడలేదు గానీ, పెదాలు చూసి ఆమెకు తెలిసిపోయింది: సంతోషం తల్లీ.