దొర పేరు

"పోయిండు కాదు సుకన్యా, 'వెళ్ళాడు' అను."

"వెళ్ళాడు," అంది సుకన్య బుద్ధిగా.

వసుమతి తృప్తిగా నవ్వింది. అమీర్‌పేటలో మెట్ల పొడుగునా జావా, ఒరాకిల్ బోర్డులు వేలాడే భవనంలో, మూడో అంతస్తున, ఆమె గ్రూప్స్ అభ్యర్థులకు చరిత్ర చెబుతుంది. సొంతూరు భీమవరం. శిష్యులందరిలోకీ బోరబండ సుకన్య అంటే ఆమెకు ప్రాణం. తండ్రి ఐలయ్య తాపీపని చేసి చదివిస్తున్నాడు. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి తప్పింది. వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం.

"తెలివి లేక కాదే, నీ మాటే నిన్ను ముంచుతోంది," అని వసుమతి రోజూ సాయంత్రం పంజాగుట్టలో తన ఇంటికి పిలిపించుకుని, పెసరట్టు వేసి పెట్టి మరీ దిద్దేది. 'సుత' కాదు, 'కూడా'. 'మస్తు' కాదు, 'చాలా'. సుకన్య ఏనాడూ ఎదురు చెప్పలేదు.

"నేనిలా మాట్లాడుతుంటే ఇంట్లో నాన్న నాతో మాటలు తగ్గించేశాడు మేడమ్," అని మాత్రం ఒకసారి అంది.

"అలవాటు పడతారులే," అంది వసుమతి, ఇంకో అట్టు వడ్డిస్తూ.

ఫలితాలొచ్చిన రోజు సుకన్య మిఠాయి డబ్బాతో పరుగెత్తుకొచ్చింది. డిప్యూటీ కలెక్టర్!

"మీరు లేకుంటే నేను లేను మేడమ్," అంటూ కాళ్ళకు మొక్కింది. వసుమతి లేవదీసి గుండెకు హత్తుకుంది. ఇద్దరి కళ్ళూ తడిశాయి.

"ఇంతకీ ఇంటర్వ్యూలో ఏమడిగారే?" అంది, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటూ.

"ఇంగ్లీషోళ్లు మనల్ని ఎట్ల గెలిచిన్రని అడిగిన్రు."

ఆ సంతోషంలో వసుమతికి మాట దిద్దాలని కూడా తోచలేదు. "ఏం చెప్పావు?"

"ఫిరంగులు తర్వాత మేడమ్. మనం తక్కువోళ్లమని, మనల్ని బాగుచేస్తున్నమని ముందుగాల వాళ్లు నమ్మిన్రు. మనతోని సుత నమ్మించిన్రు. నమ్మినంక గెలుసుడెంత సేపు, అని చెప్పిన."

"శభాష్! అచ్చం నా పాఠమే! ఉదాహరణ అడిగుంటారే?"

"అడిగిన్రు. కొరడా పట్టినోళ్లను కాదు, నిజంగ ప్రేమతోని ఆ పని చేసినోళ్లను ఒక్కరిని చెప్పమన్నరు."

"మరి ఏ దొర పేరు చెప్పావు?"

సుకన్య ఆమె చెయ్యి వదల్లేదు.

"మీ పేరు చెప్పిన మేడమ్."