క్యాలెండర్‌లో లేని పని

“అక్కా, తెర మీద కుడివైపు పైన ‘నెల’ అని ఉంటుంది. అది నొక్కు.”

“నొక్కాను తమ్ముడూ. నెలంతా తెల్లగా ఉంది. ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది.”

“పోనీ ‘వారం’ నొక్కు.”

“చిన్న దుప్పటి.”

సాఫ్ట్‌వేర్ తమ్ముడు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. ఫ్యాను తిరగడం లేదు. ముందు కంప్యూటరైనా లేదు. వైద్యమంతా ఫోనులో, నోటితోనే.

అక్క పనిచేసే రిపేర్ల కంపెనీకి కస్టమర్ల సంగతులు చూసే సాఫ్ట్‌వేర్ చేసిపెట్టింది అతనే. ఎవరు ఫిర్యాదు చేశారు, ఏ మెకానిక్ ఏ పూట ఎక్కడికి వెళ్లాలి, అంతా క్యాలెండర్‌లో రంగురంగుల గళ్లలో కనిపించాలి. పొద్దుటి నుంచీ ఒక్క గడీ కనిపించడం లేదు. కస్టమర్ల ఫోన్లు మాత్రం ఆగడం లేదు. ఫోన్లెత్తే అక్కకు రెండు చెవులూ వంతులేసుకుని మరీ తిట్లు తింటున్నాయి. ఆమె పోరు పడలేక, స్కూలుకు వెళ్లే దారిలో ఒకసారి చూసి పోదామని బయల్దేరాడు. చివరికి ఫోనే గతి అయింది.

స్కూలుకు ఎందుకంటారా? అతని ఒళ్లో పులి తల ఉంది. కంగారు పడకండి, అట్టతో చేసిందే. స్కూలు నాటకంలో అతని కూతురు పులి. ఒళ్లూ తోకా స్టేజీ వెనక సిద్ధంగా ఉన్నాయి. తల మాత్రం ఇతని దగ్గరుంది. ఈ క్యాలెండర్ బాగుపడితే గానీ అతను కదిలే దారి లేదు.

మధ్యలో భార్య ఫోను.

“ఏమండీ, ఎక్కడున్నారు? జింక వచ్చి గడ్డి మేస్తోంది. తర్వాత పులే రావాలి.”

“ఇరుక్కుపోయానే!”

“మీరెప్పుడు ఇరుక్కోలేదు గనక! మన పెళ్లినాడు కూడా ఎవరికో పాస్‌వర్డ్ చెబుతూ ఇరుక్కున్నారు.”

“అది కాదు, నేను...”

“తల లేని పులిని పంపమంటారా?”

“జింకని ఇంకాస్త మేయమను.”

ఠక్కున పెట్టేసింది. మళ్లీ అక్క.

“అక్కా, మెకానిక్‌లు ఎక్కడ?”

“లోపలి గదిలో. టీ తాగుతున్నారు.”

“ఒక్కణ్ణి లేపి పంపు. నీకు పుణ్యముంటుంది.”

“లేస్తారా! క్యాలెండర్‌లో లేని పనికి వెళ్తే హాజరు పడదని స్పానర్ బాబాయ్ ఒకటే పాట. నా మాట పూర్తిగా విననైనా వినడు. ఆ రూలు పెట్టింది నువ్వేనటగా?”

“మీ ఓనరు పెట్టమన్నాడు.”

“పెట్టింది నువ్వేగా.”

తమ్ముడు మాట మార్చాడు.

“సరే, ‘నావి మాత్రమే’ అని ఉన్నచోట ‘అందరివీ’ అని మార్చు.”

“మార్చాను.”

“ఏమైనా వచ్చిందా?”

“దుప్పటి.”

“మొత్తం మూసి, మళ్లీ తెరువు.”

“తెరిచాను. దుప్పటి ఆరిపోయింది కూడా. మడతపెట్టమంటావా?”

కోపం ఆపుకోలేక గోడను ఒక్క తన్ను తన్నాడు. గోడకేమీ కాలేదు. పళ్లు బిగబట్టి అన్నాడు.

“ఇప్పుడే కొత్తగా ఒక పని రాయి అక్కా.”

“ఎవరి పేరు రాయను?”

“నాదే రాయి.”

“సమస్య?”

“ఇరుక్కుపోవడం అని రాయి!”

“అర్జంటా?”

“అక్కా!”

“సరే సరే, అర్జంటే. అయ్యో, ఆ విసురెందుకు?”

అంతలో అతని ఫోను టింగుమంది. మెసేజీ. ‘మీ సమస్య పరిష్కారమైంది. మా సేవ నచ్చితే అయిదు నక్షత్రాలు ఇవ్వండి.’

ముందు ఒళ్లు మండింది. ఆ వెనకే బుర్ర వెలిగింది.

“అక్కా, రాశాక చివర్న ఏం నొక్కావు?”

“‘ముగించు’.”

“ఎందుకు?”

“రాయడం ముగిసిందిగా మరి! నిన్నటిదాకా అది ఇంగ్లీషులో ఉండేది. ఏమిటో తెలియక దాని జోలికే పోలేదు. రాత్రి నువ్వు తెలుగు చేశావు కదా, హాయిగా అర్థమైంది.”

“ముగించు అంటే పని ముగిసిందని తల్లీ! మెకానిక్ వెళ్లి, బాగుచేసి, తిరిగొచ్చాక నొక్కేది! ముగిసిన పని క్యాలెండర్‌లో ఎందుకుంటుంది?”

అక్క గొంతు తగ్గించింది.

“అంటే పొద్దుటి నుంచీ ఫోను చేసినవాళ్లందరికీ...”

“అందరి సమస్యలూ కూర్చున్నచోటే పరిష్కరించేశావు.”

“అందుకా! అయిదు నక్షత్రాలూ ఎక్కడ పెట్టుకోమంటావని ఒకాయన అడిగాడు. ఏం నక్షత్రాలో అర్థం కాలేదు.”

“నా పని మళ్లీ రాసి, ‘భద్రపరచు’ నొక్కు. అంతే. ఇంకేదీ ముట్టుకోకు.”

ఇంతలో భార్య మెసేజీ. ‘గడ్డి అయిపోయింది. జింక ఇప్పుడు స్టేజీ తెర నములుతోంది.’

“తమ్ముడూ, కనిపించింది! ఎర్రగా, నీ పేరే!”

అక్క కేకకు లోపలి గది కదిలింది. స్పానర్ బాబాయ్ తీరిగ్గా వచ్చి, కళ్లజోడు సర్దుకుని, తెర మీద ఎర్ర గడిని పరీక్షగా చూశాడు. అప్పుడు గానీ టీ గ్లాసు కింద పెట్టలేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు.

“అడ్రస్ చెప్పవే అమ్మాయ్. దూరమైతే నా వల్ల కాదు, బండిలో పెట్రోలు లేదు.”

“బండి ఎందుకు బాబాయ్, మన గుమ్మం ఎదురుగా ఉన్న లిఫ్టులోనే, కింది అంతస్తుకీ మనకీ మధ్యలో ఇందాకటి నుంచి వేలాడుతున్నాడు పాపం!” అంది అక్క.